కొండపూవుల పేళ్ళు, గ్రంథకర్తల చెవులు

మన కుటుంబములలోని పడుచువారు సెలవుదినములలో కొండలెక్కుట యిటీవల నలవాటు చేసికొనినారు. బరంపురమువారు మహేంద్రగిరికిని, సేలమువారు ఏర్కాడునకును, బెంగుళూరివారు నందికొండకును, షోలాపురమువారు సతారావైపు పీఠభూములకును పోవుచున్నారు. పోయి యూరక తిరిగి వచ్చుట లేదు. దారిలో కనబడిన పూవును, పిట్టను, సీతాకోకచిలుకను ఫోనుతో చిత్రము తీసి, తేదీతోను స్థలముతోను భద్రపరచుచున్నారు. పూవును కోయుట లేదు, మొక్కను పెరుకుట లేదు. ఇది మిక్కిలి సంతోషింపదగిన విషయము. మా కాలమున కొండకు పోవుటయనిన మ్రొక్కు తీర్చుకొనుటకో, కట్టెలకో, విహారభోజనమునకో గాని, కొండను చూచుటకు గాదు.

అయితే వారు వ్రాసికొనిన పట్టికలను మేము చదివి చూచితిమి. వయస్సుచే పెద్దవారమును, గుమాస్తాగిరిలో రిజిస్టరులతో జీవితము గడపినవారమును గనుక, పట్టిక కనబడినచో గడులు సరిగా నిండినవా లేదా యని చూచుట మాకు మానని యలవాటు. ప్రతి పద్దునందును లాటిను పేరున్నది, ఇంగ్లీషు పేరున్నది. తెలుగు పేరున్న పద్దులు వ్రేళ్ళపై లెక్కింపదగినవి. మందలింపు మా యుద్దేశము గాదు. వారు పట్టుకొనిపోయిన పుస్తకములలోను, వారి ఫోనులలోను ఏ పేరున్నదో దానినే వారు వ్రాసికొనిరి. కావున విమర్శింపవలసినది పిల్లల పట్టికలను గాదు, వానికి మూలమైన గ్రంథములను. మన కొండలలోని పూవులను, పాములను, పక్షులను మొదట గ్రంథస్థము చేసిన మహనీయులు మనవారి నోట వినిన పేళ్ళను ఏమి చేసిరి? ఎంతవరకు వినిరి? ఎట్లు వ్రాసిరి? ఈ యొక్క కొలబద్దతో నాలుగు గ్రంథములను పరిశీలింపదలచితిమి. ఇవి అపురూపములే యైనను, వీనిలో పెక్కింటిని నేడు గ్రంథాలయమునకు పోకయే యింటనుండి చదువుకొను వీలు కలిగినది.

మొదట చెప్పవలసినది రాక్స్‌బరో గ్రంథము. విలియం రాక్స్‌బరో స్కాట్లండు దేశపు వైద్యుడు. 1776లో మదరాసు చేరి, 1781 మొదలు 1793లో కలకత్తా తోటకు అధికారియై పోవువరకు సామర్లకోటను నెలవుగా జేసికొని గోదావరీ మండలపు మొక్కలను పరిశోధించెను. అతడు పంపిన చిత్రములనుండి సర్ జోసెఫ్ బ్యాంక్సు ఏరిన 300 చిత్రములు ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ అను పేర 1795 నుండి 1820 వరకు లండనులో మూడు సంపుటములుగా వెలువడినవి. ఆ గ్రంథమును తెరచిన తెలుగువానికి కలుగు మొదటి యాశ్చర్యము, మొక్క తరువాత మొక్కకు లాటిను పేరుతోపాటు ‘తెలింగ’ పేరు కూడ నుండుట. సామర్లకోట చుట్టుప్రక్కల రైతులు, గొల్లలు, మందులవారు పలికిన పేళ్ళవి.

రాక్స్‌బరో పేళ్ళనడిగి యూరకుండలేదు. ఆ పేళ్ళలోని వివేకమును గూడ గ్రహించెనని మాకు తోచుచున్నది. ఇందుకు మోదుగు మంచి యుదాహరణము. ఫాల్గునమున ఆకు రాల్చి కొమ్మ కొమ్మకును ఎఱ్ఱని పూవు పూయు మోదుగు చెట్టు నెరుగనివారుండరు. అడవిలో పెద్ద చెట్లపైకి ప్రాకి అటువంటి పూవులనే గుత్తులు గుత్తులుగా పూయు తీగ యొకటి యున్నది. మనవారు దానిని తీగమోదుగు అందురు. ఒకటి చెట్టు, ఒకటి తీగ. చూపునకు సంబంధము లేనివి. అయినను మూడేసి ఆకులు, చిలుకముక్కు వంటి పూవు, కొన యందొక్క గింజ గల కాయ, ఇవి రెంటికిని సమానము. రాక్స్‌బరో యీ రెంటిని బ్యూటియా అను నొకే కుటుంబనామము క్రింద వరుసగా నిలిపెను. శాస్త్రజ్ఞుడు పూవు కోసి, రేకులు విప్పి, లెక్కించి తేల్చిన విషయమును మన పశువుల కాపరి తీగమోదుగు అను నొక్క మాటతో ముందే తేల్చియుండెను.

మరియొకటి సోమిద. బెరడు చేదుగను, కలప యెఱ్ఱగను నుండు ఈ చెట్టు ఎండకొండలలో నిప్పటికిని కలదు. దాని బెరడు జ్వరమునకు సింకోనాకు బదులుగా పనికివచ్చునని రాక్స్‌బరో తలంచి, జ్వరహారి యను నర్థము గల లాటిను పేరు పెట్టెను. తరువాత 1830లో జుస్యూ అను ఫ్రెంచి పండితుడు దానిని వేరు కుటుంబముగా విడదీసినపుడు మన సోమిదనే లాటినులోనికి తీసికొని ‘సోయ్‌మిడా’ యనెను. నేడు ప్రపంచమున ఏ మూలనున్న వృక్షశాస్త్రజ్ఞుడైనను ఆ చెట్టును పిలువవలసినచో తెలుగు మాటతోనే పిలువవలెను. మన పిల్లల పట్టికలో ‘సోయ్‌మిడా’ యని యున్నది. ప్రక్కన తెలుగు పేరు గడి ఖాళీగా నున్నది. వారు వ్రాసికొనినది తెలుగేయని వారికి చెప్పినవారు లేరు.

ఇంత పొగడిన పిమ్మట లోపములను చెప్పక తప్పదు. ఆ మూడు వందల చిత్రములను గీసినవారు ఈ దేశపు చిత్రకారులు. పూవు లోపలి కేసరములవరకు అంత నిశితముగా చూచి గీసిన ఆ చేతులెవరివో ఆ చిత్రములపై లేదు. మొక్క పేరు వ్రాసికొనిన గ్రంథకర్త, చిత్రకారుని పేరు వ్రాయుటకు ఆ పుటలలో రెండంగుళముల చోటు చూడలేకపోయెను. ఈ విషయమున మా మనస్సు సమాధానపడలేదు.

రెండవ లోపము లిపికి సంబంధించినది. ఇది చిన్నదిగా కనబడును గాని దీని ఫలితములు పెద్దవి. రోమను లిపిలో త, ట లకు భేదము లేదు; ద, డ లకు లేదు; హ్రస్వదీర్ఘములకు నమ్మకమైన గుర్తు లేదు. కాచుచెట్టు జాతికి చెందిన సండ్ర చెట్టునే చూడుడు. రాక్స్‌బరో దాని తెలుగు పేరునే లాటిను పేరుగా గ్రహించి ‘సుండ్రా’ యని పలుకదగిన యక్షరములతో వ్రాసెను. అదే పేరును మరియొక పండితుడు 1803లో ‘చుండ్రా’ యని పలుకబడునట్లు ప్రకటించెను. శాస్త్రమున ముందు ప్రకటించినదానికే అధికారము గనుక నేడు చెల్లుబడి యగుచున్నది రెండవదే. గట్టికలపకును, కాచునకును పేరుగాంచిన చెట్టు తుదకు తలలోని చుండ్రు పాలైనది! అక్షరము వ్రాయువాడు అజాగ్రత్తగా నున్నచో చెట్టునకు పట్టిన గతి యిది. మనుష్యుల పేళ్ళకు ఓటర్ల జాబితాలలో పట్టు గతి పరరాష్ట్రములందున్న మన పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు.

రెండవ గ్రంథకర్త పాట్రిక్ రస్సెల్. ఇతడును వైద్యుడే. 1780 దశాబ్దమున విశాఖపట్టణమున నుండి పాములను, చేపలను సేకరించెను. పాములను గూర్చిన గ్రంథము 1796లోను, విశాఖపట్టణమున దొరకిన 200 చేపల గ్రంథము 1803లోను వెలువడినవి. పాముల గ్రంథమునకు ప్రయోజనము స్పష్టము: విషముగలదెయ్యది, లేనిదెయ్యది యని జనులు గుర్తుపట్టవలెను. కావుననే ప్రతి పామునకును స్థానికులు పలుకు పేరును అతడు వ్రాసికొనెను. ఒళ్ళంతయు పసుపు, నలుపు పట్టెలుగల కట్లపాము జాతిదానిని అతనికి తెచ్చియిచ్చినవారు బంగారుపామనిరి. అతడట్లే వ్రాసెను. దానినుండి 1803లో దోదెన్ అను ఫ్రెంచివాడు ‘బుంగారస్’ అను జాతినామమును కల్పించెను. నేడు మన యిండ్లలోనికి వర్షకాలమున వచ్చు నల్లని కట్లపాము కూడ శాస్త్రమున బుంగారసే. నల్లనిదానికి బంగారమను పేరేమని శాస్త్రజ్ఞులెవరును అడుగరు. అది తెలుగని వారెరుగకుండుటచే గాబోలు.

రస్సెల్ పేరనే ప్రపంచప్రసిద్ధమైన మరియొక విషసర్పము కలదు. మనవారు పొడపామనియు, రక్తపింజరియనియు అందురు. రస్సెల్ దానికి వ్రాసికొనిన తెలుగు పేరు రోమను లిపిలో ‘కటుక రేకుల పొడ’ యని చదువబడుచున్నది. ఇది కాటుక రేకుల పొడ యని మా తలంపు. ఆ పాము వీపున వరుసగా నుండు గోధుమవన్నె మచ్చలచుట్టును కాటుక తీర్చినట్లు నల్లని యంచుండును. చూడనివానికి గూడ పాము కన్నులకు కట్టు పేరది. విశాఖపట్టణమున ఆ పేరు పెట్టినవాడు ఎవ్వడో గాని మంచి దృష్టి గలవాడు. ఇంగ్లీషు పేరు ఆ పామును గూర్చి మనకేమియు చెప్పదు. రస్సెల్‌ను గూర్చి మాత్రము చెప్పును. రస్సెల్ స్వయముగా భద్రపరచిన పేరును విడిచి, రస్సెల్ పేరును మనము పట్టుకొనియున్నాము.

ఇంతవరకు చదివిన వారిలో కొందరు, ‘తెలుగు పేరు వ్రాసికొనినచో చాలును, పద్దు పూర్తియైనది’ అని తలంపవచ్చును. అట్లు కాదు. భాషాభిమానము చేత కన్ను మూసికొనుట మాకు సమ్మతము గాదు. పేరు ఒక్కటియే సాక్ష్యముగా చాలని సందర్భములు పెక్కు గలవు.

కొడిశపాల, అంకుడు అను రెండు చెట్లను తీసికొందము. రెండును తెల్లని పూవులు పూయును. రెంటి కొమ్మ విరిచినను పాలు కారును. రెంటికిని కాయలు జంటలుగా వ్రేలాడును. ఒక యూర పాలకొడిశ యనునది మరియొక యూర రెండవదానికి చెల్లుచున్నది. ఒరిస్సా వైపు మా ప్రాంతమున కొడిశపాలను కురెయి యనెదరు. తెడ్లపాల, రేపాల యను పేళ్ళు వేరే యున్నవి. ఇందొకదాని బెరడు చేదు. జిగట విరేచనములకు తరతరములుగా వాడబడుచున్న మందు. రెండవది ఏటికొప్పాక లక్కబొమ్మల కలప. దాని ఆకునుండి నీలిమందు తీయవచ్చునని రాక్స్‌బరో ప్రయోగములు చేసెను. మందుల దుకాణములలో నొకదానికి బదులు రెండవదిచ్చుట చిరకాలముగా నున్న మోసము. ఒక్కొక్కప్పుడు మోసము గాక తెలియనితనము. పేరు నమ్మి మందు త్రాగినవాని గతి యేమి?

గుర్తులు వ్రాసికొనినచో చిక్కు లేదు. అంకుడు పూవు నడుమ తెల్లని దారపు కుచ్చు వంటిది నిలిచియుండును. కొడిశపాల పూవున నట్టిది లేదు. అంకుడు కాయలు జంటగా వ్రేలాడుచు, లేతగా నున్నపుడు కొనలయందు కలిసియుండును. కొడిశపాల కాయలు మొదటినుండియు విడివిడిగా నుండును. ఈ రెండు వాక్యములు పద్దులో నున్నచో పేరేదైనను నష్టము లేదు. ఈ రెండు వాక్యములు లేనిచో ఏ పేరున్నను లాభము లేదు. మద్దిచెట్ల విషయము నింతియే: నల్లమద్ది బెరడు మొసలి చర్మమువలె పగిలియుండును, తెల్లమద్ది బెరడు నునుపుగా నుండి పెచ్చులుగా నూడును. ఉత్త ‘మద్ది’ యని వ్రాసికొని దిగివచ్చిన పద్దు దేనికి పనికివచ్చును?

అన్యదేశపు మొక్కను మనదిగా భ్రమింపజేయు పేళ్ళు గూడ కలవు. వయ్యారిభామ యను పేరు వినినచో ఏ ప్రబంధనాయికయో యనుకొందుము. అది అమెరికా ఖండమునుండి వచ్చిన కలుపుమొక్క. పూనాలో నున్నట్లు 1956లో ప్రకటింపబడినది. నేడు రైలుకట్టల వెంబడి, బంజరులలో, కొండల పాదములందు మన స్వదేశపు చిన్నపూవులను త్రొక్కివేసి పెరుగుచున్నది. ఒక్క తరములో దానికింత సొగసైన పేరు పెట్టిన మనవారి చమత్కారమును మెచ్చుకొనవలసినదే గాని, పేరు తెలుగైనంత మాత్రమున మొక్క స్వదేశి కాజాలదు. సీతాఫలము సంగతియు నట్టిదే. సీతమ్మవారి పేరున్నను అదియు అమెరికానుండి వచ్చినదే. ఈ విషయమున ‘సీమ’, ‘సర్కారు’ అను మాటలు ముందుగల పేళ్ళు నిజాయితీపరులవంటివి. సీమచింతయు, సర్కారుతుమ్మయు తాము పరదేశులమని మొదటనే చెప్పుకొనుచున్నవి. కొండమీద దేనిని స్వదేశపు పూవుగా లెక్కింపవలెనో నిర్ణయించుకొను పిల్లలు ఈ భేదమును గమనించుట యవసరము.

మరియొక సూక్ష్మమున్నది. మన పేళ్ళు అన్నివేళల మోదుగు తీగమోదుగుల వలె పూవునుబట్టి చుట్టరికము కలుపవు. రుచినిబట్టియు, గుణమునుబట్టియు గూడ కలుపును. నేలవేము వేపజాతిది కాదు. చేదులో దానికి చెల్లెలు. అడవినాభి యను తీగ యున్నది. వర్షకాలము నడుమ మొదలుకొని కార్తికమువరకు పొదలపైకెగబ్రాకి, ఆకుకొననే నులితీగగా చుట్టి పట్టుకొని, పూవు రేకులను మంటవలె పైకి విరిచికొని పూయును. అగ్నిశిఖ యనియు పేరున్నది. తమిళనాట దీనిని కార్తిగైపూవందురు. అది యా రాష్ట్రపు అధికారపుష్పము. ఇంగ్లీషున సొగసైన పేళ్ళు రెండు మూడున్నవి. వానిలో నొక్కటియు ప్రమాదమును తెలుపదు. ‘నాభి’ యనగా తెలుగున విషపుదుంప. దానికిని హిమాలయములందలి వసనాభికిని పూవునుబట్టి చుట్టరికము లేదు, విషమునుబట్టి యున్నది. ఈ తీగ దుంపలోని విషము ప్రాణాంతకము. శాస్త్రజ్ఞుని వర్గీకరణమున నిది తప్పే కావచ్చును. దుంపలు త్రవ్వుకొని తిను కొండవాని పిల్లకు ఆ తప్పే ప్రాణరక్ష.

మూడవది గాంబుల్ గారి ‘మదరాసు రాజధాని వృక్షావళి’. 1915లో మొదలై భాగములు భాగములుగా వెలువడి, గాంబుల్ మరణానంతరము ఫిషర్ చేతిమీదుగా 1936లో ముగిసినది. గంజాము మొదలు తిరునల్వేలివరకు గల కొండలన్నియు నొక్క గ్రంథమున నుండుట దీని ఘనత. నేడు మనము నాలుగైదు రాష్ట్రములవారమై విడిపోయినను, ఈ గ్రంథమున మన కొండలింకను ఒకే కుటుంబముగా నున్నవి. గుర్తించు విధానము కట్టుదిట్టమైనది. ప్రశ్నకు ప్రశ్నగా నడిచి జాతిని పట్టుకొనవచ్చును. చిత్రములు లేవు. గాంబుల్ జీవితమంతయు అడవిశాఖలో గడపినవాడు, కలపలపై గ్రంథము వ్రాసినవాడు. అందుచే చెట్లకు దేశభాషల పేళ్ళిచ్చినంత యుదారముగా కాలిక్రింది చిన్నమొక్కలకు ఇయ్యలేదు. కలపకు ధర యున్నది, గడ్డిపూవునకు లేదు. గ్రంథమున గూడ నా తేడా కనబడుచున్నది. కొండనెక్కువారికి వానకాలమున మొదట కనబడునవి ఆ గడ్డిపూవులే.

నాల్గవది జెర్డన్ గారి ‘భారతదేశపు పక్షులు’. 1862 నుండి 1864 వరకు వెలువడినది. సైన్యమున వైద్యుడుగా నుండి నెల్లూరు మొదలగు చోట్ల పనిచేసిన జెర్డన్ పక్షులకు హిందీ, తమిళ నామములతోపాటు తెలుగు నామములను గూడ నిచ్చెను. ఆ కాలపు పద్ధతి ప్రకారము కాల్చి చూచుటయే చూచుట. ఆ పద్ధతి పోవుట మేలైనది. ఈ గ్రంథముతో ముడిపడిన యొక పక్షి చరిత్రను మాత్రము కొంత విస్తరించి చెప్పవలెను. మేమిదంతయు వ్రాయుటకు ముఖ్యకారణము నదియే.

జెర్డన్ సంపాదించిన యొక చిన్న నేలపిట్టకు 1848లో బ్లైత్ శాస్త్రనామము పెట్టెను. రొమ్మున రెండు పట్టెలుండి, ముళ్ళపొదల నడుమ రాత్రివేళ పరుగెత్తి పురుగులను తిను పక్షి. పెన్నా లోయలోను, గోదావరి ప్రాంతమున సిరొంచ, భద్రాచలము వైపునను కనబడినట్లు వ్రాతలున్నవి. సిరొంచ నేడు మహారాష్ట్రములో నున్న తెలుగు సీమ యని మన పాఠకులెరుగుదురు. 1900లో అనంతపురము వైపు చూచినట్లు వ్రాసిన తరువాత ఎనుబదియారు సంవత్సరములు ఆ పక్షిని చూచినట్లు శాస్త్రజ్ఞులెవరును వ్రాయలేదు. అది నశించినదని పలువురు నమ్మిరి. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు చెందిన భరత్ భూషణ్ గారు కడప జిల్లా లంకమల ప్రాంతమున స్థానికుల తోడ్పాటుతో దానిని మరల కనుగొనిరి. ప్రపంచమంతయు విస్మయపడినది. తరువాత అచ్చట శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము వెలసినది. తెలుగుగంగ కాలువ మార్గమును సైతము ఆ పిట్ట నివాసమును తప్పించుటకై మార్చవలసివచ్చినది.

విస్మయపడనివారు లంకమల పల్లెలవారు. వారి కది కలివికోడి. కలివిపొదలలో తిరుగునది గనుక ఆ పేరనెదరు. పుస్తకములలో పక్షి చచ్చిన యా యెనుబదియారేండ్లును పల్లెలో పేరు బ్రదికియే యున్నది. వాడుకలో నున్న పేరు, పక్షి యున్నదనుటకు సాక్ష్యము. ఆ సాక్ష్యమును వ్రాసికొను గడి పండితుల రిజిస్టరులో లేకపోయినది. కలివికోడి యనగా నేమి, ఎచ్చట తిరుగును, ఎప్పుడు చూచితివి అని యొక్కరైనను పల్లెవాని నడిగి, ఊరి పేరుతో తెలుగు లిపిలో వ్రాసియుంచినచో, కాపాడవలసిన యా పొదలలో నెన్ని గొడ్డలిపాలు గాక మిగిలియుండెడివో గదా!

కావున మా తీర్పు యిది. రాక్స్‌బరో వినెను, వినినదానిని పోల్చి చూచెను, పొరుగు లిపిలో వ్రాసి కొంత చెరిపెను. రస్సెల్ ప్రాణభయము చేతనైనను శ్రద్ధగా వినెను. గాంబుల్ చెట్టుదగ్గర విని గడ్డిదగ్గర చెవి మూసికొనెను. జెర్డన్ విని వ్రాసెను గాని, అతని తరువాతివారు ఆ పేళ్ళ వెంట పల్లెలకు పోలేదు. నాలుగింటిలో మేము మొదట నిలుపునది రాక్స్‌బరో గ్రంథమునే. నేడు పిల్లల చేతిలోనున్న ఫోనుకు కన్ను దివ్యముగా నున్నది. దానికి చెవి లేదు. చిత్రము చూపినంతనే లాటిను పేరు చెప్పుచున్నది, అది చాలవరకు సరియైనదే యగుచున్నది. అది మహోపకారము, త్రోసిపుచ్చరాదు. కాని కొండదారిలో ఎదురైన కట్టెలమోపు ముసలమ్మ ఆ పూవును ఏమన్నదో ఫోను తనంతట తాను వినదు.

మనవంటి కుటుంబములకిది మరింత చిక్కైన విషయము. ఆంధ్రదేశమున నున్నవాడు ఒక పేరు మరచినను ప్రక్కవాడు చెప్పును. ఇచ్చట మన యింట బామ్మగారితో పోయిన పేరు ప్రక్కయింట దొరకదు. మా వీధిలో మోదుగును పలాసమనెదరు. మదరాసులో పురసు, మైసూరు వైపు ముత్తుగ. ఇవియన్నియు మన పట్టికలో నుండదగిన పేళ్ళే. పొరుగుభాష పేరు వ్రాసినచో తెలుగునకు తక్కువ యగునని మేము తలంపము. నీలగిరులలో పండ్రెండేండ్లకొకసారి కొండలనంతయు నీలిగా మార్చు కురింజి పూచినది 2006లోను, 2018లోను. ఆ పూవునకు తెలుగు పేరు కల్పింప బూనుట హాస్యాస్పదము. అది పెరుగు కొండల భాషలో అది కురింజియే. మహేంద్రగిరిలో సవరలు చెప్పిన పేరును, వారు పలికినట్లే, తెలుగు లిపిలోను ఒడియా లిపిలోను వ్రాసికొనుడు. మన లిపికి ట, త ల భేదము తెలుసు, దీర్ఘము తెలుసు. రాక్స్‌బరోకు లేని సౌకర్యము మన పదేండ్ల పిల్లకు గలదు.

పట్టికకు గడులెన్ని యుండవలెనని మమ్ము పిల్లలడిగిరి. తేదీ, కొండ పేరు, ఎత్తు లేక దారిలోని గుర్తు, పూవు లేక జంతువు గుర్తులు నాలుగు మాటలలో, లాటిను పేరు, చెప్పినవారి యూరు, వారు చెప్పిన పేరు, ఆ పేరునకు వారు చెప్పిన కారణము. చెప్పినవారు లేనిచో గడిని ఖాళీగా నుంచవలెను. పుస్తకమునుండి పేరు తెచ్చి నింపరాదు. అభయారణ్యములందు అనుమతి లేనిదే దారి విడువరాదు. పూవును చిత్రించుటయే గాని త్రుంచరాదు. క్రిందటి కార్తికమాసమున మహేంద్రగిరి దారిలో మా మనుమరాలు వ్రాసిన పద్దునొకదానిని, ఆమె యనుమతితో, దిద్దక యిచ్చట నిచ్చుచున్నాము.

‘మహేంద్రగిరి, మెట్లదారి మొదటి మలుపు దాటిన తరువాత ఎడమవైపు పొద. తీగ. ఆకుకొన చుట్టుకొనియున్నది. రేకులు ఆరు, అంచు ముడతలు, క్రింద పసుపు, పైన ఎఱుపు, వెనుకకు విరిగినవి. గ్లోరియోసా సుపర్బా. కట్టెలు మోయు అవ్వ చెప్పినది: అడవినాభి. ఎందుకు ఆ పేరు అంటే: దుంప తాకకు, చేయి కడుక్కో. చేయి కడుక్కొన్నాము.’